చెడిన పుటకు నిదానము

గడచిన సంవత్సరమున అర్ధసంవత్సర పరీక్షల రెండవనాటి మధ్యాహ్నము ఏడవ తరగతి బాలుడొకడు తండ్రిని వెంటబెట్టుకొని మా యుపాధ్యాయుల గదికి వచ్చెను. ఆ యుదయమున జరిగిన గణిత పరీక్షకు వాడు హాజరు కాలేదు. గురజాల కవతలి పల్లెనుండి ఆర్టీసీ బస్సులో వచ్చి చదువుకొను పిల్లవాడు. మేము కొంత కోపముతోనే కారణ మడిగితిమి. తండ్రి బదులు చెప్పక జేబులోని ఫోను తీసి, మన పాఠశాల వెబ్ పుటలోని పరీక్షల పట్టికను మా ముందుంచెను. "మీరే చూడండి మాస్టారూ, పొద్దునో మధ్యాహ్నమో ఇందులో ఏడ రాసుందో" అనెను. చూచితిమి. తేది కలదు, తరగతి కలదు, విషయము కలదు. వేళ మాత్రము లేదు. పట్టికలోని కడపటి వరుస ఫోను అంచుకడ తెగిపోయి, అట్టి వరుస యొకటి యున్నదను ఆనవాలైనను లేకుండెను. మొదటినాటి పరీక్ష మధ్యాహ్నము జరిగినందున రెండవనాటిదియు మధ్యాహ్నమే యని వారు తలచిరి.

ఆ పుటను సిద్ధపరచినవారు మా తొమ్మిదవ తరగతి విద్యార్థులు. సరిచూచి ప్రకటించినవారము మేము. కావున దోషము మాది. ప్రధానోపాధ్యాయులవారి యనుమతితో ఆ బాలుడు మరునాడు వేరుగా పరీక్ష వ్రాసెను. అయినను, ఆ తండ్రి ఒక దినపు కూలి విడిచి, ముప్పది నలువది మైళ్లు తిరుగవలసి వచ్చెను గదా. ఆ సాయంత్రము మేమును ఆ విద్యార్థులును కంప్యూటరు గదిలో కూర్చుండి చేసిన వెదకులాటనుండియే ఈ పాఠము పుట్టినది.

నిదానము అను మాటకు వైద్యశాస్త్రమున రోగకారణమును కనుగొనుట యని యర్థము. లోకవ్యవహారమున తొందరపడకుండుట యని యర్థము. చెడిన పుటను బాగుచేయువానికి ఈ రెండు నిదానములును కావలెను. రెండవది లేనివానికి మొదటిది చిక్కదు.

మొదట వెబ్ పుట యనగా నేమో తల్లిదండ్రుల కొరకు రెండు మాటలలో చెప్పెదము. 1989వ సంవత్సరమున జెనీవా నగరమునొద్ద సెర్న్ అను పరిశోధనశాలలో టిమ్ బెర్నర్స్-లీ అను ఆంగ్లేయుడు ఈ పద్ధతిని ప్రతిపాదించెను. పుటలోని విషయమును హెచ్.టి.ఎం.ఎల్. అను గుర్తుల భాషలో వ్రాయుదురు. అక్షరముల పరిమాణము, రంగు, ఎడము, అమరిక మొదలగువానిని సి.ఎస్.ఎస్. అను వేరొక భాషలో వ్రాయుదురు. ఈ రెండవదానిని 1994లో హోకన్ వియమ్ లీ ప్రతిపాదింపగా, దాని మొదటి కూర్పు 1996 డిసెంబరులో ప్రమాణముగా వెలువడెను. ఈ రెంటిని చదివి మన కంటికి పుటను చూపు పనిముట్టు బ్రౌజరు.

అచ్చు పుటకును వెబ్ పుటకును గల ముఖ్యమైన భేదము ఇక్కడనే యున్నది. అచ్చు పుట యెంత వెడల్పో ముద్రాపకుడు నిర్ణయించును. నరసరావుపేటలో అచ్చయిన కరపత్రము మాచెర్లకు పోయినను అంతే వెడల్పు. వెబ్ పుట యట్లు కాదు. నీళ్లవలె, చెంబులో పోసిన చెంబు ఆకారము, గిన్నెలో పోసిన గిన్నె ఆకారము దాల్చును. కంప్యూటరు తెర వెడల్పు 1366 పిక్సెళ్లు ఉండవచ్చును. తల్లిదండ్రుల చేతులలోని ఫోనులలో పెక్కింటికి బ్రౌజరు లెక్కించు వెడల్పు 360 పిక్సెళ్లు. పిక్సెలు అనగా ఇక్కడ తెరపై కొలతకు వాడు చిన్న చుక్క యని తలపవచ్చును. అమరిక దోషములలో అధికభాగము ఈ భేదమును మరచుటవలననే కలుగును. మా దోషమును అట్టిదే.

ఇక వెదకులాట. విద్యార్థులలో నొకడు, "కంప్యూటరులో బాగుగానే యున్నదండీ, ఆ ఫోను మంచిది కాదు" అనెను. ఈ మాటను మొట్టమొదట నిషేధించితిమి. ఫోను ఏమి చేసినను తనకు చెప్పినదే చేయును. పిమ్మట ఎఫ్ 12 అను మీట నొక్కించితిమి. అంతట బ్రౌజరు తన లోపలి పనిముట్లను తెరచి, పుటలోని యే భాగమునకు ఏ నియమము వర్తించుచున్నదో చూపును. 2006లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజరునకు ఫైర్‌బగ్ అను అనుబంధము వచ్చినది మొదలు ఇట్టి పనిముట్లు విరివిగా వాడుకలోనికి వచ్చినవి. నేడు కంప్యూటరులోని ప్రతి బ్రౌజరులోను అవి యున్నవి. వానిలోనే తెరను 360 పిక్సెళ్లకు కుదించి చూచు సదుపాయము గలదు. కుదింపగానే ఆ తండ్రి ఫోనులో కనబడిన పుటయే మా యెదుట నిలిచెను. దోషము మన కన్నుల యెదుట మరల జరుగునట్లు చేయుట సగము వైద్యము.

పుటలోని ప్రతి భాగమును బ్రౌజరు ఒక పెట్టెగా లెక్కించును. అక్షరముల చుట్టు ఒక పెట్టె, పట్టిక చుట్టు మరియొకటి, ఆ పెట్టె లన్నిటిని ఇముడ్చుకొన్న పెద్ద పెట్టె వేరొకటి. కంటికి కనబడవు. వానిని కనబడజేయుటకు, ప్రతి భాగము చుట్టు ఒక పిక్సెలు మందముగల యెఱ్ఱగీత గీయుమని తాత్కాలికముగా ఒక నియమము వ్రాయించితిమి. ఇందుకు బోర్డరు అను గీతను వాడరాదు. అవుట్‌లైను అను గీతను వాడవలెను. ఏలయన బోర్డరు తానును కొంత చోటు ఆక్రమించును; పరీక్షించుటకై చేసిన పనియే రోగమును మార్చివేయును. అవుట్‌లైను చోటు తీసికొనదు. తెర యెఱ్ఱగీతలతో నిండెను. అన్ని పెట్టెలును ఫోను అంచుకు లోపలనే యున్నవి. పట్టిక పెట్టె యొక్కటియే కుడివైపునకు దాటిపోయి యుండెను. దాని వెడల్పు 900 పిక్సెళ్లు అని ఖండితముగా వ్రాయబడి యుండెను.

అయినచో ఫోనులో వ్రేలితో ప్రక్కకు జరిపినచో మిగిలిన భాగము కనబడవలెను గదా? ఎందుకు కనబడలేదు? ఇక్కడనే అసలు సంగతి బయటపడెను. కొన్ని వారములకు ముందు కిటికీని చిన్నది చేసినపుడు పుట అడుగున ప్రక్కకు జరుపు పట్టీ యొకటి కనబడెనట. అది అందముగా లేదని తలచి, పుటను తీర్చిన బాలుడు ఎక్కడనో చదివిన ఒక పంక్తిని తెచ్చి, పట్టికను చుట్టియున్న పెట్టెకు తగిలించెను. పెట్టెను దాటిన దానిని దాచుము అనునది ఆ పంక్తి భావము. పట్టీ మాయమయ్యెను. వాడు సంతోషించెను. జ్వరము తగిలినవాని నోటినుండి థర్మామీటరు లాగివైచి జ్వరము పోయినదని సంతోషించుట యిట్టిదే. పట్టీ యున్నంతకాలము చదువరి జరిపి చూచుకొనగలిగెడివాడు. దాచినపిదప, చూడవలసినది మరియొకటి యున్నదని యెఱుగుటకే వానికి దారి లేకపోయెను. ఆ బాలుని మేము దండింపలేదు. సి.ఎస్.ఎస్. వ్రాయువారిలో ఈ పని ఎన్నడును చేయనివాడు అరుదు.

దాచు నియమమును తీసివేసితిమి. 900 అను ఖండితమైన వెడల్పును తీసివేసితిమి. పట్టిక మిక్కిలి పెద్దదైనచో తన పెట్టెలోనే జరుగునట్లు వేరొక నియమము పెట్టితిమి. అయినను అన్నిటికంటె మేలైన చికిత్స సి.ఎస్.ఎస్.లో దొరకలేదు. ఎనిమిదవ తరగతి బాలిక యొకతె, "వేళను తేది ప్రక్కనే వ్రాసినచో సరిపోవును గదా" అనెను. వరుసల క్రమము మార్చితిమి. ఇప్పుడు ఎంత యిఱుకు తెరయందైనను తేదియు వేళయు ముందు కనబడును.

వరుసలు మార్చిన పిమ్మటను 42 పిక్సెళ్లు అదనముగా మిగిలెను. ఇది లెక్క తెలిసినవారికి వినోదము. పెట్టె వెడల్పు నూటికి నూరుపాళ్లు అని వ్రాసియుండిరి, అనగా 360. లోపలి ఖాళీ ఇరువైపుల ఇరువదేసి, అనగా 40. గీతలు ఇరువైపుల ఒక్కొక్కటి, అనగా 2. మొత్తము 402. బ్రౌజరు వెడల్పు అను మాటకు లోపలి విషయము వెడల్పు మాత్రమే యని యర్థము చెప్పుకొని, ఖాళీని గీతలను పైన కలుపును. గోడలు మందము కలుపక గదిని కొలుచు తాపీమేస్త్రీ వంటిది. గీత వరకు కొలువుమని చెప్పుటకు బాక్స్-సైజింగు అను నియమమున బోర్డరు-బాక్స్ అని వ్రాయవలెను. అంతటితో 402 తిరిగి 360 అయ్యెను.

పుట మొత్తము చీమలవలె సన్నని అక్షరములతో ఫోనులో కనబడినచో దోషము వేరు. 2007లో ఐఫోను వచ్చినపుడు వెబ్ పుటలన్నియు పెద్ద తెరల కొరకు వ్రాయబడినవే. అందుచే దాని బ్రౌజరు, పుట 980 పిక్సెళ్ల వెడల్పు గలదని యూహించి, దానిని కుదించి చూపెడిది. ఆ యూహ మానుమని చెప్పుటకు వ్యూపోర్టు అను పంక్తి పుట తలభాగమున నుండవలెను. ఒకే పుట అన్ని తెరలకు ఒదుగవలె నను పద్ధతికి 2010లో ఈథన్ మార్కాట్ అను నతడు రెస్పాన్సివ్ డిజైను అని పేరు పెట్టెను.

ఇంతవరకు చెప్పినవి అన్ని భాషల పుటలకును కలుగు దోషములు. మన తెలుగునకు ప్రత్యేకమైనవి కొన్ని గలవు. వానిని గూర్చి ఆంగ్ల గ్రంథములలో వెదకినను చాలవరకు దొరకవు గనుక ఇక్కడ కొంత నిలిచి చెప్పెదము.

పైన చెప్పిన పట్టికలోనే "సాంఘిక శాస్త్రము" అను మాట "సాంఘిక శాసము" వలె కనబడుచుండెను. తకారపు ఒత్తును రకారపు ఒత్తును అడుగున తెగిపోయినవి. కారణమేమన, ప్రతి గడికిని 20 పిక్సెళ్ల ఎత్తు ఖండితముగా పెట్టి, దాటినదానిని దాచియుండిరి. ఇది ఆంగ్ల నమూనానుండి దింపుకొన్న కొలత. రోమను అక్షరము ఒక అంతస్తు ఇల్లు. మన "స్త్రీ" అను అక్షరమునకు పైన గుడియు క్రింద రెండొత్తులును గలవు. దానికి మేడ కావలెను, నేలమాళిగయు కావలెను. గడుల ఎత్తును ఎన్నడును ఖండించి వ్రాయకుడు. పంక్తికి పంక్తికి నడుమ ఎడము ఆంగ్లమునకు అక్షర పరిమాణమునకు 1.2 రెట్లు చాలిన చాలును గాని, తెలుగునకు 1.6 మొదలు 1.8 వరకు పెట్టిన సుఖముగా నుండునని మా యనుభవము. ఆ సంఖ్యకు పిక్సెళ్లు అని తగిలింపక ఉత్త సంఖ్యగా వ్రాసినచో, పెద్ద శీర్షికకు పెద్ద ఎడము, చిన్న అక్షరమునకు చిన్న ఎడము తమంతట ఏర్పడును.

మావంటి గ్రంథభాషాప్రియుల వలన కలుగు దోషము మరియొకటి. "పాఠశాలావార్షికోత్సవాహ్వానపత్రిక" అని ఒకే మాటగా శీర్షిక వ్రాసియుంటిమి. బ్రౌజరు మాటల నడుమ ఖాళీ యున్నచోటనే పంక్తిని విఱుచును. ఖాళీ లేని సమాసము ఫోను అంచుదాటి పోయెను. అవసరమైనచో మాటను విఱువుమని చెప్పు నియమము కలదు, దానిని పెట్టితిమి. పిమ్మట సమాసమునే విఱిచి వ్రాసితిమి. పిల్లలు ఎంతయో సంతోషించిరి.

ఇక అక్షరములే మారిపోవుట. ఇందు మూడు లక్షణములు గలవు. మూటికి కారణములు వేరు. తెలుగు మాటకు బదులు తలపై వాలుగీటు గల చిన్న రోమను "ఏ" అక్షరమును, దాని ప్రక్కన డిగ్రీ సున్నయో, కూడిక తీసివేతలు జంటగా నున్న గుర్తో పదేపదే కనబడినచో, పుట చెడలేదు. బ్రౌజరు దానిని తప్పు లిపిగా చదువుచున్నదని తెలిసికొనవలెను. యూనికోడు అను ప్రపంచ లిపిపట్టికలో 1991 నుండి తెలుగునకు 128 గళ్లు కేటాయింపబడియున్నవి. యు.టి.ఎఫ్.-8 అను పద్ధతిలో దాచినపుడు మన ప్రతి గుర్తును 3 బైట్లుగా నిలువయగును. ఆ మూటిని మూడు వేరువేరు రోమను గుర్తులుగా చదివినచో పైన చెప్పిన వికారము పుట్టును. పుట తలభాగమున, మొదటి 1024 బైట్లలోపల, ఇది యు.టి.ఎఫ్.-8 అని చెప్పు పంక్తి యుంచిన చాలును. దానికిని లొంగనిచో, పుటను పంపు సర్వరు వేరొక మాట చెప్పుచున్నదేమో చూడుడు. సర్వరు మాటకే బ్రౌజరు పెద్దఱికమిచ్చును.

అక్షరములకు బదులు ఉత్త పెట్టెలు కనబడినచో లోపము ఫాంటుది. ఆ యంత్రమున తెలుగు అచ్చులు లేవన్నమాట. ప్రశ్నార్థకములు వరుసగా కనబడినచో మాత్రము చింతింపవలసినదే. ఎక్కడనో దాచునపుడే తెలుగు నశించి ప్రశ్నార్థకములు మిగిలినవి. మూలప్రతి నుండి మరల ఎక్కింపక గతి లేదు. కనుక మార్కుల జాబితాకు వేరుగా ఒక ప్రతి ఎల్లప్పుడును ఉంచుకొనవలెను.

యూనికోడు వ్యాపింపక పూర్వము తెలుగు పత్రికల పుటలు ఒక్కొక్కటి తన సొంత ఫాంటుతో వెలువడెడివి. ఆ ఫాంటు లేనివానికి అర్థములేని రోమను అక్షరములు కనబడెడివి. అట్టి పుటలను యూనికోడులోనికి మార్చి చూపుటకు ఫైర్‌ఫాక్స్‌లో పద్మ అను అనుబంధ ముండెడిది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చిన పిదప కొంత సుఖమేర్పడెను. నేడు గిడుగు, గురజాడ, మండలి, రామభద్ర మొదలగు పేర్లతో ఉచితమైన తెలుగు ఫాంటులు పెక్కు దొరకుచున్నవి.

2018 ఫిబ్రవరి మాసమున ప్రపంచమంతటను వార్తగా వ్యాపించిన సంగతి యొకటి మన విద్యార్థులు తెలిసికొనదగినది. ఒక తెలుగు అక్షరము సందేశములో వచ్చిన మాత్రమున ఆపిల్ సంస్థవారి ఫోనులలోని అప్లికేషనులు కుప్పకూలెను. ఆ అక్షరము "జ్ఞా". మన హాజరు పట్టీలలో జ్ఞానరత్నములును జ్ఞానప్రకాశములును ఎందరో గలరు. ఆ పేర్లు ఫోనులో వ్రాయరాదేమో యని కొందరు భయపడిరి కూడను. నిజమునకు దోషము ఆ అక్షరములో లేదు. జకారము, పొల్లు, ఞకారము, వాని వెనుక కంటికి కనబడని గుర్తు ఒకటి, దాని వెనుక దీర్ఘము, ఈ క్రమములో వచ్చినపుడే ఆ ఫోనులోని అక్షరములు కూర్చు భాగము తడబడెను. బంగాళీ లిపిలోను ఇట్టి క్రమము ఆ గతినే పట్టించెను. "జ్ఞానము" అని మనము మామూలుగా వ్రాసినచో ఏమియు కాదు. 2018 ఫిబ్రవరి 19వ తేదిన ఐ.ఓ.ఎస్. 11.2.6 అను కూర్పుతో ఆ సంస్థవారు దీనిని సరిదిద్దిరి. తెలుగు అక్షరము ఫోనును చంపినదని లోకమనెను. చంపినది తెలుగు వ్రాతను సరిగా పరీక్షింపని కోడు.

ఆ కనబడని గుర్తును జీరో విడ్త్ నాన్ జాయినరు అందురు. దానికి వెడల్పు లేదు. రెండు హల్లులు కలిసి ఒత్తుగా మారకుండ ఆపుటయే దాని పని. "సాఫ్ట్‌వేరు" అను మాటలో పొల్లు నిలుచుటకు అదియే కారణము. అది లేనిచో "సాఫ్ట్వేరు" అగును. ఉపయోగకరమైనదే గాని, మాట చివర అనవసరముగా చేరినచో చిక్కు తెచ్చును. మా విద్యార్థుల జాబితాలో "జాన్" అను పేరు వెదకినచో ముగ్గురుండవలసినచోట ఇద్దరే కనబడుచుండిరి. మూడవ జాన్ పేరు చివర, టైపు చేసిన పనిముట్టు ఈ గుర్తును విడిచిపెట్టెను. కంటికి రెండును ఒక్కటే. యంత్రమునకు రెండు వేరు పేర్లు. పేరులోని అక్షరముల సంఖ్యను లెక్కింపుమని యంత్రము నడిగితిమి. ఇద్దరికి 4, ఒకనికి 5. దొంగ దొరికెను.

చిన్న దోషములు రెండు త్వరగా చెప్పి విడిచెదము. కోటప్పకొండ చిత్రము మా కంప్యూటరులో కనబడి, ప్రకటించిన పుటలో కనబడలేదు. ఫైలు పేరులో మొదటి అక్షరము పెద్దది, పుటలో వ్రాసినది చిన్నది. విండోస్ ఆ భేదమును పట్టించుకొనదు. పుటలను పంపు సర్వరులలో పెక్కింట నుండు లినక్స్ పట్టించుకొనును. పెద్దబడి చిన్నబడి లేని లిపిలో పెరిగిన పిల్లలకు ఈ భేదము కంటికి ఆనదు. అన్ని పేర్లును చిన్న అక్షరములతోనే వ్రాయుట మేలు. రెండవది, దిద్దిన పిమ్మటను పాత పుటయే కనబడుట. బ్రౌజరు వెనుక దాచుకొన్న ప్రతిని చూపుచుండును. కంట్రోలు మీటతో ఎఫ్ 5 నొక్కి మరల తెప్పించుకొనక, "దిద్దితినండీ, అయినను పోలేదు" అని నాలుగు దోషములు క్రొత్తగా చేర్చినవారిని చూచియున్నాము. ఆ సమయమున ఒక్క నియమమును మాత్రమే మార్చి, ఫలితము చూచి, ప్రయోజనము లేనిచో దానిని యథాస్థితికి తెచ్చి, పిమ్మట రెండవదానిని ముట్టవలెను. ఎక్కడ నున్నదో బొత్తిగా తోచనిచో పుటలో సగము తీసివేసి చూడుడు. దోషము పోయినచో అది తీసినసగములో నున్నది. పోనిచో మిగిలినదానిలో నున్నది. వేయి పంక్తుల పుటయైనను పదిమారులలో చిక్కును.

ఇప్పుడు పరీక్షల పట్టికను ప్రకటించుటకు ముందు, పల్లెలనుండి వచ్చు విద్యార్థుల యిండ్లలోని ఫోనులు మూటిలో తెరపించి చూచుచున్నాము. అందొకటి ఆ తండ్రిగారిదే. మొన్న వార్షిక పరీక్షల పట్టిక పంపినపుడు, "వేళ కనపడతంది మాస్టారూ. మరి ఆదివారం నాడు పరీక్షేంటండీ?" అని ఫోను చేసెను. తేది తప్పు పడినది. ఆ తప్పునకు ఎఫ్ 12 మీట పనికిరాదు, కాలెండరు తెప్పించితిమి.

పుటను కాగితముపై అచ్చు తీసినపుడు కుడి అంచు తెగుట మాత్రము ఇంకను మిగిలియున్నది. నోటీసు బోర్డుపై అంటించునపుడు వేళను కలముతో వ్రాయుచున్నాము. తొమ్మిదవ తరగతివారిద్దరు ఎఱ్ఱగీతలు వేసికొని దాని వెంట పడియున్నారు.